ఎదురెదురు పిట్టలు

రెండు వేల పదిహేడు, డిసెంబరు పద్నాలుగు, గురువారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది కర్రపెండలం పిండితో కెలికిన ముద్ద, జిగురుగా ఉండే ఎవెడు ఆకు పులుసు, అందులో రెండు ఎండుచేప ముక్కలు. ముద్ద జారుగా దిగింది. ఫేయిషరా ఉంటే గిన్నెలోకి తొంగిచూసి, "ఇది తినడానికా, బట్ట మీద గీయడానికా?" అనేది. మా ఊరు అబెయొకూటలో ఆ పిండినే తింటాం, ఆ పిండితోనే గంజి కాచి కోడి ఈకతో బట్ట మీద బొమ్మలూ గీస్తాం. గంజి ఉన్నచోట నీలిరంగు ఎక్కదు. రంగు ఆరాక గంజి గోకేస్తే బొమ్మ తెల్లగా మిగులుతుంది. ఫేయిషరా అమ్మ ఆ పని చేసే బతికింది. ఫేయిషరా నా భార్య. అప్పటికి ఆమె పోయి మూడేళ్ళయింది.

చెయ్యి కడుక్కుంటుండగా వీధి తలుపు దభాలున పడింది. గోడ మీది క్యాలెండరు ఊగింది. అవెరో వచ్చిందన్నమాట.

ఆమె తలుపు తియ్యడమూ అంతే, వెయ్యడమూ అంతే. మేం ముగ్గురం ఇబాదన్‌లో చదువుకునే రోజుల్లోనే హాస్టలు వార్డెను ఆమె గది తలుపు అంచుకి గోనెపట్టా కొట్టించింది. తరవాత అవెరో బ్యాంకులో చేరి మేనేజరై, ముప్పై ఏళ్ళు ఆ తలుపుల్ని కూడా కూలగొట్టినంత పని చేసి, రెండేళ్ళ కిందట మానేసింది. ఇప్పుడు చేత్తో గీసిన నీలిబట్టతో కోట్లూ గౌన్లూ కుట్టించి లేగోస్‌లో అమ్మాలని తిరుగుతోంది. నలుగురు ముసలమ్మలు ఆమె దగ్గర గీస్తారు. వాళ్ళ తరవాత గీసేవాళ్ళు లేరు. అందుకే ఆమెకా తొందర.

"టీషా, మీ బావిలో నీళ్ళున్నాయా?" అంది కూర్చోకుండానే. ఊళ్ళో అందరూ నన్నలాగే అంటారు, పంతులనే అర్థంతో. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి రసాయనశాస్త్రం చెప్పాను.

"ఉన్నాయి. తాగుతావా?"

"తాగడానికి కాదు. కాపరం పెట్టడానికి."

విషయం నెమ్మదిగా బయటపడింది. ఎడారి దుమ్ము మోసుకొచ్చే హర్మతాన్ గాలి ఆ ఏడు పది రోజులు ముందే మొదలైంది. ఆమె అద్దెకి తీసుకున్న చోట కుళాయి ఎండిపోయింది, బావిలో బురద తేలింది. నీళ్ళు లేకపోతే నీలిరంగు పులిసే బానలు చచ్చిపోతాయి. ఫిబ్రవరి మూడున లేగోస్‌లో పెద్ద ప్రదర్శన. మిల్లులవాళ్ళు పాత డిజైన్లన్నీ మిషను మీద అచ్చేసి బజారులో గుట్టలు పోస్తున్నారు. అందుకని ఏ మిల్లూ ఎరగని డిజైను ఒకటి తెస్తానని ప్రదర్శనవాళ్ళకి మాటిచ్చింది. అలాంటిది దొరికితే ఈ పని నిలబడుతుంది, లేకపోతే మార్చిలో తాళం పెట్టి ముసలమ్మల్ని ఇళ్ళకి పంపెయ్యాలి.

ఇదంతా చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. నా పడక్కుర్చీ మీద ఉన్న బట్ట ఆమె కంట్లో పడింది.

హర్మతాన్ తెల్లవారుజాముల్లో చలికి నేను కప్పుకునే బట్ట అది. మా పెళ్ళికి అత్తగారు ఫేయిషరాకి ఇచ్చింది. రెండు ముక్కలు గీసి, మధ్యలో కుట్టి ఒక్క బట్ట చెయ్యడం మా వాడుక. రెండు ముక్కలూ అచ్చం ఒకేలా ఉండాలి. కానీ ఈ బట్టలో కర్రపెండలం ఆకుల నడుమ కూర్చున్న పిట్టలు ఒక ముక్కలో ఎడం వైపు చూస్తాయి, రెండో ముక్కలో కుడి వైపు. కుట్టు దగ్గరికొచ్చేసరికి వరసలన్నీ ఎదురెదురుగా కూర్చుని ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టుంటాయి. మీ అమ్మకి ఎంత చక్కటి ఊహ వచ్చిందో అని నేనెన్నోసార్లు అనేవాణ్ణి. అన్నప్పుడల్లా ఫేయిషరా నవ్వి, బట్ట మడతపెట్టేసేది.

"ఇది నీ దగ్గరుందని మరిచే పోయాను," అంది అవెరో. దాన్ని ముట్టుకోలేదు. "పెళ్ళిలో చూశాను. తరవాత మళ్ళీ చూళ్ళేదు."

"మంచి బట్టని దాచుకునేది."

"ఒక్క నెల ఇస్తావా? చూసి గీస్తారు. అంతే."

రేపు చెబుతానన్నాను. ఆమె వెళ్ళాక బట్ట ముఖానికి ఆనించుకున్నాను. మూడేళ్ళలో ఆమె వాసన చాలావరకు పోయింది. మెడ దగ్గరుండే అంచులో మాత్రం ఆమె ఒంటికి రాసుకునే షియా వెన్న వాసన ఇంకా కాస్త ఉంది. లేక ఉందని నేననుకునేవాణ్ణో.

శనివారం అవెరోని పిలిచి బట్ట చేతికిచ్చాను. మూడు నెలలు బావి వాడుకో, పెరడు వాడుకో, ఇది కూడా తీసుకో అన్నాను. "ఒక్కటే. దీనికి కత్తెర తగలకూడదు."

"కత్తెర తగిలితే నా పేరు అవెరో కాదు," అంది. బట్టని రెండు చేతులతోనూ అందుకుంది.

*

సోమవారం పొద్దున నీలి బానలు మూడూ ఒక చిన్న లారీలో వచ్చాయి. వాటి వెనకే నలుగురు ముసలమ్మలు. వాళ్ళలో పెద్దామె సికిరు వాళ్ళమ్మ. అందరూ ఇయా అంటారు, అమ్మ అని. డెబ్భై ఎనిమిదేళ్ళది, మా అత్తగారి పక్కింట్లో పెరిగిన మనిషి. ఆ వాకిట్లో పుట్టిన పిల్లని చేసుకున్నాను కాబట్టి నన్ను అల్లుడూ అనే పిలుస్తుంది. వచ్చీరాగానే పెరడంతా కలియజూసి, "అల్లుడూ, మా పిల్ల ఉంటే ఈ గడ్డి మొలిచేదా?" అంది. నేను అప్పటికప్పుడు పార పట్టుకున్నాను.

మూడేళ్ళుగా మా ఇంట్లో గడియారం చప్పుడు వినపడేది. ఆ సోమవారం నుంచి వినపడలేదు. పొద్దున ఆరింటికి బానల్లోకి బూడిద నీళ్ళు వడకట్టే చప్పుడు, ఏడింటికి ఎవరి కోడలు ఎలాంటిదో, తొమ్మిదింటికి గంజి. నేను తిన్నానో లేదో కనుక్కునే మనుషులు ఒకేసారి నలుగురయ్యారు. పొయ్యి మీద బొబ్బర్ల వడలు వేసుకుంటే రెండు ఆకులో చుట్టి నా కిటికీలో పెట్టేవారు. ఎవరు పెట్టారో చెప్పేవారు కాదు.

గంజి కాయడం నా వంతైంది. పిండిలో పటిక ఎంత, మైలుతుత్తం ఎంత వెయ్యాలో ముసలమ్మలు పిడికిలితో కొలుస్తారు. నేను తూకం వేసి వేశాను. అవెరో చూసి, పరీక్ష పెడతావా టీషా, ఎన్ని మార్కులకి అని ఎగతాళి చేసింది. కానీ ఆ గాలి పొడికి గీసిన గంజి ఆరీ ఆరకుండానే బీటలు వారి, బీటల్లోంచి రంగు పాకి మూడు ముక్కలు పాడయ్యాక, ఏం చేద్దామని నా దగ్గరికే వచ్చింది. తడిపిన గోనెసంచులు చుట్టూ కట్టి, వాటి నీడలో ఆరబెట్టమన్నాను. గంజి నిలిచింది. ఆ రోజు నా కిటికీలో వడలు నాలుగున్నాయి.

గంజి కలపడానికి వంటింట్లోంచి ఫేయిషరా తెడ్డు తెచ్చి ఇయాకిచ్చాను. ఆమె రెండు చుట్లు తిప్పి ఆపేసింది.

"ఇదేంటి అల్లుడూ, నేనిటు తిప్పితే అది అటు పోతోంది."

తెడ్డు అంచు ఒకవైపే అరిగిపోయింది, అందరి తెడ్లూ అరిగే వైపు కాదు. ఫేయిషరాది ఎడంచేతి వాటం. మేమిద్దరమే ఉన్నప్పుడు ఆ చేత్తోనే వండేది, పెండలం తరిగేది, కాగితాలు దిద్దేది. ఎవరైనా పెద్దవాళ్ళొస్తే ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పైన కొంగు కప్పేది. మాలో ఎడంచేత్తో ఏదైనా ఇస్తే ముఖాన తిట్టినట్టే.

"చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆ చేతికి మిరపకాయ రాసేది," అంది ఇయా. "పిల్ల నోట్లో వేలు పెట్టుకుని ఏడ్చేది. అప్పుడు ఇద్దరూ ఏడ్చేవాళ్ళు." తెడ్డు నాకు తిరిగిచ్చేసి, ఒక కర్రముక్క తెచ్చుకుంది.

*

జనవరి మొదటి వారంలో ఇయా ఆ బట్టని ఎదురుగా తాడు మీద వేయించుకుని గీయడం మొదలుపెట్టింది. ఈక కొసని గంజిలో ముంచి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగితే ఆకు. రెండు లాగులకి రెక్క. నాలుగు ముక్కలు పూర్తయ్యేసరికి రెండు వారాలు పట్టింది. అవెరో లేగోస్ నుంచి వచ్చి చూసి మెచ్చుకుంది, మెచ్చుకుని ఆగింది.

"అన్ని పిట్టలూ ఎడం వైపే చూస్తున్నాయేంటి ఇయా? సగం ఇటు తిరగాలి కదా. ఎదురెదురుగా ఉండడమే దీని అందం."

"నా పిట్టలు ఒక్క వైపే చూస్తాయి. మా అమ్మ పిట్టలూ అంతే, అందరివీ అంతే. చెయ్యి అటే పోతుంది. తిప్పి గీస్తే అది పిట్ట కాదు, రాయి." గీసి చూపించింది. నిజంగానే ముక్కున్న రాయిలా వచ్చింది.

"మరి ఫేయిషరా వాళ్ళమ్మ ఎలా గీసింది?"

"నేను పోయాక ఆవిణ్ణే అడిగి కబురు పంపిస్తాలే."

అవెరో నా వైపు చూసింది. నేను నవ్వాను. చివరికి అలాగే ఉండనిద్దామన్నారు. ఒక్క వైపు చూసినా అలాంటి పిట్టలు బజారులో లేవు.

ప్రదర్శన ఇంకా ఐదు రోజులుందనగా, ఒక సోమవారం, నేను పింఛను ఆఫీసుకి వెళ్ళాను. మేం ఇంకా బతికే ఉన్నామని ఏటా ఒకసారి వెళ్ళి ముఖం చూపించి రావాలి. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా బెంచీల మీద కూర్చోపెడతారు. అక్కడికి వచ్చినవాళ్ళలో సగం మంది నా పాత సహోద్యోగులే. ఎవరు రాలేదో లెక్క చూసుకుంటూ కూర్చుంటాం. అవెరో కూడా ఊళ్ళో లేదు, లేగోస్‌లో ఉంది.

ఆ రోజు మా పెరట్లో జరిగింది నాకు తరవాత తెలిసింది. ఇయా ముక్కలకి గంజి గోకేసి, చివరి ముంపు ఇచ్చింది. ఆ ముంపుతో తెల్లగీతలు కళ్ళలో పొడవకుండా లేత నీలంగా మారతాయి. బానలో రంగు ఇంకా బలంగానే ఉంది. తాడు మీద ఫేయిషరా బట్ట వెలిసిపోయి కనపడింది. అరువు తెచ్చిన నీలిబట్టని వెలిసినట్టే తిరిగిస్తే రంగువేసే మనిషికి తలవంపు. ఇయా మధ్య కుట్టు జాగ్రత్తగా ఊడదీసి, రెండు ముక్కల్నీ బానలో రెండేసిసార్లు ముంచి, కొత్తవాటి పక్కనే ఆరేసింది. అల్లుడు వచ్చి చూసి మురిసిపోవాలనుకుంది. గాలికి గంటలో ఆరిపోయాయి. ఆరు ముక్కలు, ఆరూ కొత్తవాటిలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం ఇయా నమాజుకి లోపలికెళ్ళినప్పుడు టైలరు గనియు వచ్చాడు. అవెరో ఫోన్‌లో చెప్పింది, తాడు మీద ఉన్నవాటిలో అన్నిటికన్నా బాగున్న ముక్క తీసుకో, దానితోనే కోటు కత్తిరించు అని. గనియు ఆరింటినీ వేళ్ళతో తడిమి, వెలుతురులో పెట్టి చూసి, ఒకటి తీసుకెళ్ళాడు. నేను ఇల్లు చేరేసరికి చీకటి పడింది, పెరట్లో ఎవరూ లేరు.

*

మర్నాడు పొద్దున వీధి తలుపు దభాలున పడితే అవెరో వచ్చిందనుకున్నాను. కానీ మాట వినపడలేదు. వసారాలోకి వెళ్ళి చూస్తే నేల మీద రెండు మోకాళ్ళూ ఆనించి ఉంది. నలభై ఏళ్ళ స్నేహంలో ఆమె నాకెన్నడూ మోకరిల్లలేదు. నాకన్నా మూడేళ్ళు చిన్నదనే సంగతి కూడా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆమె చేతిలో కోటు ఉంది. తెల్లవారి లేగోస్ నుంచి దిగి, గనియు రాత్రంతా కుట్టినదాన్ని చూడగానే గుర్తుపట్టిందట. బొత్తాలు ఇంకా కుట్టలేదు. వీపు నిండా పిట్టలు, ఎడం వైపు చూస్తూ. ఆకుల ఈనెలు ఎంత సన్నగా ఉన్నాయంటే అవి ఎవరి చేతివో అడగక్కర్లేదు.

"కుట్లు విప్పించి మళ్ళీ అతికిస్తాను," అంది. "ప్రదర్శనకి పంపను. అసలు ప్రదర్శనకే వెళ్ళను. నువ్వేదో ఒకటి అను, టీషా."

పెరట్లోకి నడిచాను. ఇయా బానల దగ్గర నేల మీద కూర్చుని ఉంది. గనియు గేటు బయటే నిలబడ్డాడు, టోపీ చేత్తో నలుపుతూ. తాడు మీద ఫేయిషరా బట్టలో మిగిలిన సగం ఒక్కటే ఊగుతోంది. దగ్గరికెళ్ళి అంచు ముఖానికి ఆనించుకున్నాను. కొత్త నీలిరంగు వాసన, బూడిద వాసన. ఇంకేం లేదు.

మాస్టరునే కదా, ఎప్పుడూ తప్పు ఎలా జరిగిందో తెలుసుకోవాలనిపిస్తుంది. గనియుని పిలిచాను.

"ఇన్ని ఉండగా అదే ఎందుకు తీసుకున్నావు?"

"అన్నిట్లోకీ అది గొప్ప చెయ్యి అయ్యగారూ. దాని పక్కన ఇయా చెయ్యి కూడా..." అని ఇయా వైపు చూసి మింగేశాడు.

"మరి ఇది? దీని జత కదా."

"జతంటారా? ఇది చెయ్యి తిరగనివాళ్ళు గీసింది. నేర్చుకునే పిల్లదేమో అనుకున్నా."

ఇన్నేళ్ళూ ఇంట్లో ఉన్న బట్టని నేనప్పుడు సరిగ్గా చూశాను. రెండు ముక్కలూ కలిసి ఉన్నప్పుడు మొదటిదాని అందం రెండోదానికీ పాకేది. విడిగా చూస్తే ఆకుల ఈనెలు వణికాయి. పిట్టల ముక్కులు లావు. ఒక పిట్టకి కన్ను పెట్టడం మరిచిపోయారు. అన్నీ కుడి వైపు చూస్తున్నాయి.

గంజి గిన్నె దగ్గరికెళ్ళి ఈక తీసుకున్నాను. బావి గట్టు మీద, రాయి మీద, నాకొచ్చినట్టు ఒక పిట్ట గీశాను. అది ఎడం వైపు చూసింది. ఈకని ఎడం చేతిలోకి మార్చుకుని దాని పక్కన ఇంకోటి గీశాను. వంకరగా వచ్చింది, కానీ చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది. రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

ఇయా లేచి వచ్చింది. గట్టు మీదికి వంగి చాలాసేపు చూసింది.

"వాళ్ళమ్మకి ఒక ఏడు వానాకాలంలో జ్వరమొచ్చింది," అంది. "నెలన్నర మంచం మీదుంది. సగం గీసిన బట్ట అలాగే ఉండిపోయింది. పిల్లకి పదకొండేళ్ళుంటాయి. ఆ రోజుల్లో ఆ గది తలుపు పగలంతా మూసుండేది. నేను తలుపు కొట్టేదాన్ని, తీసేవారు కాదు. జ్వరానికి గాలి తగలకూడదేమో అనుకునేదాన్ని."

"లోపల పిల్ల గీసేది," అన్నాను.

"ఎడంచేత్తో గీసిన బట్టంటే ఎవరు కొంటారు అల్లుడూ? అందుకే మూసింది. అందుకే అమ్మలేదు, దాచి పెళ్ళికిచ్చింది." గట్టు మీది వంకర పిట్టని వేలితో తాకి, "నాక్కూడా చెప్పలేదు చూడు, దొంగముండ," అంది. కళ్ళు తుడుచుకుంది. ఆ తిట్టు ఎవరికో తెలియలేదు. తల్లికో, కూతురికో.

నేను మీ అమ్మ ఊహ ఎంత చక్కటిది అన్నప్పుడల్లా ఫేయిషరా ఎందుకు నవ్వేదో నాకిప్పుడు తెలిసింది. తల్లికిచ్చిన మాట తల్లి పోయాక కూడా తప్పలేదు. నేను అడిగి ఉంటే చెప్పేదేమో. అడగాలని నాకు తోచలేదు.

గనియు చెయ్యి పడింది మంచి ముక్క మీద. అది వాడి పనితనం. మంచిదాన్ని ఎంచుకోవడం తెలియని టైలరైతే ఫేయిషరా గీసిన ముక్కే కత్తిరించేవాడు, ఆ పొద్దున నాకేం మిగిలేది?

వసారాలోకి వెళ్ళాను. అవెరో ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. ఆ గచ్చు పొద్దున చల్లగా ఉంటుంది.

"లే. మోకాళ్ళు పట్టేస్తాయి," అన్నాను. "దానికి బొత్తాలు కుట్టించు. లేగోస్ తీసుకెళ్ళు."

*

నేను వెళ్ళలేదు. ఇయా వెళ్ళింది. తిరిగొచ్చాక వారం రోజులు పెరట్లో అదే కథ. ఆ బట్టలు తొడుక్కుని నడిచిన అమ్మాయిలు పెండలం తీగకి పాతే గుంజల్లా ఉన్నారట. వాళ్ళకి అన్నం పెట్టేవాళ్ళు లేరా అని ఆమె ఎవరో పెద్దమనిషిని నిలదీసిందట. ఆ పెద్దమనిషే ప్రదర్శన నడిపేవాడని తరవాత తెలిసింది. కోటు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడలేదట. దాన్ని కొంటామని ముగ్గురు అడిగితే, అవెరో అది అమ్మకానికి కాదంది. అలాంటివే గీసిస్తామంది. రెండు దుకాణాలవాళ్ళు మాటిచ్చారు. మార్చిలో తాళం పెట్టే మాట మళ్ళీ రాలేదు.

కానీ ఆ దుకాణాలవాళ్ళకి అవెరో కోటు ఒక్కటే చూపించలేదు. నన్నడిగి, మిగిలిన సగం కూడా పట్టుకెళ్ళి చూపించింది. వాళ్ళకి ఎదురెదురు పిట్టలే కావాలి. ఇయా పిట్టలు ఇటు తిరగవు.

"దీనికో పేరు పెట్టాలి," అంది అవెరో. "ప్రతి డిజైనుకీ పేరుంటుంది కదా. ఫేయిషరా ఎడంచెయ్యి అని పెడదామా?"

ఇయా రెండు చెవులూ మూసుకుంది. ఆ మాట బజారులో అరిస్తే చెప్పులతో కొడతారంది. సాయంత్రం దాకా గొణిగి, గొణిగి, వెళ్ళబోతూ ఆగింది. "నా చెవిటి చెల్లెలి కోడలికి ఎడంచేతి వాటమే. ఎవరికీ చెప్పరనుకో," అంది.

ఆ ఆదివారం మా చర్చిలోనూ, అంతకు ముందు శుక్రవారం ఇయా వాళ్ళ మసీదులోనూ అవెరో చెప్పించింది, ఎడంచేతి వాటం ఉన్న ఆడవాళ్ళు కావాలని, టీషాగారి పెరట్లో పని ఉందని. జనం నవ్వారు. సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం పొద్దున గేటు దగ్గర ముగ్గురు నిలబడ్డారు, చేతులు కొంగుల్లో దాచుకుని. ఒకామె రోడ్డు మీద వడలు వేసి అమ్ముతుంది. యాభై ఏళ్ళుంటాయి.

"నిజంగా ఈ చెయ్యే కావాలా అయ్యగారూ?" అని నన్నడిగింది. "ఇన్నాళ్ళూ దీన్ని ఎవరూ అడగలేదు."

ఇయా ఈకని ఆమె ఎడంచేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు ఇయా ముఖం కాస్త పక్కకి తిప్పుకుంది. కానీ పెట్టింది. వాళ్ళని వీధి వసారాలో, తలుపు బార్లా తీసి, దారిన పోయేవాళ్ళందరికీ కనపడేలా కూర్చోపెట్టింది. మొదటి వారం పిట్టల ముక్కులు లావుగా వచ్చాయి. ఒకదానికి కన్ను పెట్టడం మరిచిపోయారు. నేను దిద్దవద్దన్నాను.

*

మార్చి రెండో వారంలో మొదటి వాన పడింది. దుమ్మంతా కడుక్కుపోయి పెరడు నల్లగా, చల్లగా అయింది. ఆ సాయంత్రం ఎవరో వచ్చి అవెరో పాత చోట కుళాయికి నీళ్ళొచ్చాయని చెప్పారు. నేను విననట్టు గంజి గిన్నె తోముతున్నాను. మూడు నెలలే అన్నది ఒప్పందం. మర్నాటి పిండి అప్పటికే తూచి పెట్టి ఉంచాను.

"అక్కడ నీళ్ళొచ్చాయట," అంది అవెరో.

"మంచిదే."

"బానలు కదపకూడదు," అంది ఇయా బానల దగ్గర్నుంచి. "ఈ బావికి అలవాటు పడ్డాయి. కదిపితే రంగు విరుగుతుంది."

డిసెంబరులో అవే బానలు లారీలో కుదుపుకుంటూ వచ్చాయని మా ముగ్గురికీ తెలుసు. ఎవరం ఆ మాటెత్తలేదు.

వానకి గాలి చల్లబడింది. నేను లోపలి గదిలో పడక్కుర్చీలో కూర్చుని, మిగిలిన సగం బట్ట ఒళ్ళో వేసుకున్నాను. అవెరో కోటు తెచ్చి, ఇది నీ దగ్గరే ఉండాలి అంది. నాకేం పడుతుంది, భుజాలు కూడా దూరవు, నువ్వే వేసుకో అన్నాను. ఆమె తొడుక్కుంది. గనియు ఎవరి కొలతలకి కత్తిరించాడో గాని సరిగ్గా సరిపోయింది. నా ఎడం పక్కన ఉన్న బల్ల మీద కూర్చుంది.

ఇయా గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ చూసింది. "అవెరో, అటు పక్క కాదు. ఇటొచ్చి కూర్చో," అంది.

"ఎందుకు?"

"కూర్చోమంటుంటే."

అవెరో గొణుక్కుంటూ లేచి, బల్లని కూడా ఈడ్చుకొచ్చి నా కుడి పక్కన వేసుకుంది. కోటు వీపు మీది పిట్టలు నా వైపు తిరిగాయి. నా ఒళ్ళోవి ఆమె వైపు చూస్తున్నాయి. ఆమె ఇంకా గనియుని తిడుతూనే ఉంది, జేబులు పెట్టలేదని. ఇయా చెప్పులేసుకుని ఇంటికెళ్ళిపోయింది.

మాటల మధ్యలో నాకు కళ్ళు మూతలు పడ్డాయి. నిద్ర కాదు, నిద్ర లాంటిది. అవెరో మాట ఆగింది. దీపం తగ్గించింది. నా పాదాల మీదికి బట్ట లాగి సర్దింది. గుమ్మం దాకా వెళ్ళింది. నేను కళ్ళు తెరవకుండానే, దభాలున పడే చప్పుడు కోసం ఒళ్ళు బిగబట్టి కాచుకున్నాను.

అది పడలేదు. తలుపు అంగుళం అంగుళం కదలడం విన్నాను. గడియ దగ్గర ఆమె వేలు కాసేపు ఆగింది. తరవాత, నలభై ఏళ్ళలో మొదటిసారి, అవెరో ఒక తలుపుని చప్పుడు చెయ్యకుండా మూసింది.